వాల్వ్ ఆపరేషన్ తర్వాత ఇంట్లో వచ్చే ఇబ్బందులను ఎలా ఎదుర్కోవాలి?

గుండె వాల్వ్ మార్చాక ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ కాస్త ధైర్యంగానే ఉంటుంది. పక్కన మానిటర్ ఉంటుంది, పిలిస్తే నర్సు వస్తారు. ఇంటికొచ్చిన మొదటి రాత్రే అసలు టెన్షన్ మొదలవుతుంది. గుండె కొంచెం దడదడలాడినా, కుట్టు దగ్గర చురుక్కుమన్నా ఇది మామూలేనా, ప్రమాదమా అని నిద్ర పట్టదు. ఆ తేడా తెలుసుకోవడానికి రోజూ పాటించే ఒక పద్ధతి ఉంటే భయం చాలావరకు తగ్గుతుంది. నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు ఆలస్యం కూడా జరగదు. ఇక్కడ రాసింది ముఖ్యంగా ఛాతీ తెరిచి చేసిన ఆపరేషన్ గురించి. మీ డిశ్చార్జ్ కాగితంలో వేరేగా ఉంటే దాన్నే పాటించండి.

1. రోజూ పొద్దున్నే నాలుగు అంకెలు రాసుకోండి

బరువు, నాడి, బీపీ, జ్వరం. ఈ నాలుగింటికీ ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఎప్పుడూ ఒకే మిషన్ మీద బరువు చూసుకోవాలి. ఒక్క రోజులో కిలోకి మించి గానీ, వారంలో రెండు కిలోలకు మించి గానీ పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో చేరిన నీరు. కాళ్ల వాపు, పడుకుంటే ఆయాసం కూడా తోడైతే ఆ రోజే డాక్టర్‌కు చెప్పాలి. నాడిని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే లయ తప్పిన నాడి విషయంలో లెక్క తప్పుతుంది.

2. గుండె లయ తప్పితే కూర్చోండి, లెక్కపెట్టండి, ఫోన్ చేయండి

ఈ ఆపరేషన్ తర్వాత ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఇదే. గుండె పైగదులు అదుపు తప్పి వణికినట్టు కొట్టుకుంటాయి. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల్లోపు, ఆసుపత్రిలో ఉండగానే వస్తుంది. కొందరికి ఇంటికొచ్చాకా వస్తుంది. ఆపరేషన్ పాడైందని దీని అర్థం కాదు. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అలాగని వదిలేయకూడదు. రక్తం సరిగా కదలక పైగదిలో గడ్డ కడితే, అది మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. నాడి చాలా నెమ్మదించి కళ్లు తిరుగుతుంటే అది వేరే సమస్య. గుండెలో కరెంటు వెళ్లే దారి వాల్వ్‌ను ఆనుకునే ఉంటుంది కాబట్టి, అది దెబ్బతిని కొందరికి పేస్‌మేకర్ అవసరమవుతుంది.

3. కుట్టును, ఎముకను కాపాడుకోండి

తీగలతో బిగించిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. గట్టిపడటానికి దాదాపు మూడు నెలలు. అప్పటిదాకా నాలుగైదు కిలోలకు మించిన బరువు ఎత్తొద్దు, చేతుల మీద భారం వేసి లేవొద్దు. దగ్గు వస్తే దిండును ఛాతీకి గట్టిగా హత్తుకోండి. కుట్టు ఎర్రబడినా, చీము కారినా, అంచులు విడిపోయినా డాక్టర్‌కు చూపించాలి. షుగర్ ఉన్నవాళ్లు దాన్ని అదుపులో పెట్టుకోకపోతే కుట్టు త్వరగా మానదు.

ఒక విషయంలో చాలామంది అనవసరంగా భయపడతారు. మెకానికల్ వాల్వ్ (లోహం, కార్బన్ లాంటి వాటితో చేసింది) ఉంటే రాత్రి నిశ్శబ్దంలో గడియారంలా టిక్‌టిక్‌మని వినిపిస్తుంది. అది మామూలే. దగ్గినప్పుడు ఎముక కదిలి కటుక్కుమంటే మాత్రం మామూలు కాదు, వెంటనే చెప్పాలి.

4. వార్ఫరిన్‌ను నిర్లక్ష్యం చేయకండి

వార్ఫరిన్ అంటే రక్తం గడ్డకట్టకుండా పలుచన చేసే మందు. ఎక్కువమంది పొరపాట్లు చేసేది ఇక్కడే. మెకానికల్ వాల్వ్ ఉంటే ఈ మందు జీవితాంతం వాడాలి. టిష్యూ వాల్వ్ (జంతువుల కణజాలంతో చేసింది) అయితే చాలామందికి మూడు నుంచి ఆరు నెలలు ఇస్తారు. రక్తం ఎంత పలుచగా ఉందో ఐఎన్ఆర్ పరీక్ష చెబుతుంది. మెకానికల్ వాల్వ్ అయోర్టిక్ స్థానంలో (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే ద్వారంలో) ఉంటే సాధారణంగా 2 నుంచి 3 మధ్య, మైట్రల్ స్థానంలో (ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్య) ఉంటే 2.5 నుంచి 3.5 మధ్య ఉండేలా చూస్తారు. మీకు ఎంత ఉండాలో డాక్టర్‌ను అడిగి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. అంకె ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే వాల్వ్ మీద గడ్డ. తక్కువగా ఉంది కదా అని నిశ్చింతగా ఉండటం ఎంతో ప్రమాదం. రోజూ వినిపించే టిక్‌టిక్ మందగించి ఆయాసం మొదలైతే క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

రోజూ సాయంత్రం ఒకే టైమ్‌కు వేసుకోండి. మర్చిపోయి అదే రోజు గుర్తొస్తే వేసుకోవచ్చు. మర్నాడు గుర్తొస్తే ఆ డోసు వదిలేసి నోట్‌బుక్‌లో రాయండి, రెండూ కలిపి వేసుకోవద్దు. ఆకుకూరలు మానేయక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. యాంటీబయాటిక్స్, మూలికా మందులు కూడా ఐఎన్ఆర్‌ను తారుమారు చేయగలవు. తరచూ పరీక్షలు ఎందుకని, కొత్తరకం రక్తం పలుచన చేసే మందులకు మారదామని కొందరు అనుకుంటారు. మెకానికల్ వాల్వ్ ఉన్నవాళ్లలో అలాంటి కొత్త మందైన డాబిగాట్రాన్‌ను పరీక్షించినప్పుడు గడ్డలూ రక్తస్రావమూ రెండూ పెరగడంతో ఆ పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. పిల్లలు కావాలనుకునే స్త్రీలు గర్భం రాకముందే డాక్టర్‌తో మాట్లాడాలి, వార్ఫరిన్ కడుపులో బిడ్డకు హాని చేయవచ్చు. తలకు దెబ్బ తగిలితే పైకి గాయం లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

5. జ్వరం వస్తే సొంత వైద్యం వద్దు

మొదటి కొన్ని వారాల్లో జ్వరంతో పాటు, ఊపిరి లోతుగా పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టు నొప్పి వచ్చి, ముందుకు వంగి కూర్చుంటే తగ్గుతుంటే గుండె చుట్టూ ఉన్న పొర వాచి ఉండవచ్చు. మందులతో తగ్గుతుంది గానీ స్కాన్ చూడాలి, ఎందుకంటే అక్కడ చేరిన నీరు గుండెను నొక్కేయగలదు.

ఇంకా భయపడాల్సింది కొత్త వాల్వ్‌కు ఇన్ఫెక్షన్ పట్టడం. 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4, దాటితే ఫోన్ చేయండి. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ మాత్ర మాత్రం మింగకండి. రక్తం కల్చర్‌కు (క్రిమిని గుర్తించే పరీక్షకు) ఇవ్వకముందే మందు పడితే ఏ క్రిమి పట్టిందో దొరకకపోవచ్చు. పళ్లు తీయించడం, చిగుళ్లకు చికిత్స లాంటివి ఉంటే, పళ్ల డాక్టర్‌కు వాల్వ్ సంగతి ముందే చెప్పండి. వాల్వ్‌కు ఇన్ఫెక్షన్ పట్టకుండా అరగంట నుంచి గంట ముందు వేసుకునే మందు ఇస్తారు. ఈ జాగ్రత్త జీవితాంతం ఉండాలి.

6. మనసు సంగతి దాచుకోకండి

ఊరికే ఏడుపు రావడం, మతిమరుపు, నిద్రలేమి చాలామందికి ఉంటాయి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌కు చెప్పండి.

7. వెంటనే అంబులెన్స్ పిలవాల్సినవి

మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక చేయి లేదా కాలు పట్టు తప్పడం, స్పృహ తప్పడం, కూర్చున్నా తగ్గని ఆయాసం, తీవ్రమైన ఛాతీ నొప్పి, ఆగని రక్తస్రావం, రక్తపు వాంతులు, నల్లటి మలం. వీటికి ఓపీ టైమ్ కోసం ఎదురుచూడకూడదు. ఏ వాల్వ్, ఏ సైజు, ఎప్పుడు వేశారో తెలిపే కార్డును, మందుల చీటీని పర్సులోనే ఉంచి, అవి ఎక్కడ ఉన్నాయో ఇంట్లో అందరికీ చూపించండి.