జేసీజే పరీక్షకు సన్నద్ధం కావడం: చట్టం చదవడం, తీర్పు రాయడం

ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను న్యాయాధికారిగా అడుగుపెట్టే తొలి మెట్టు జూనియర్ సివిల్ జడ్జి పదవి. చదివేవాళ్లు దీన్ని జేసీజే అని పిలుచుకుంటారు. పొద్దున స్థలం హద్దుల తగాదాలో సాక్ష్యం నమోదు చేసిన వ్యక్తే, మధ్యాహ్నం ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ హోదాలో దొంగతనం కేసు వినవలసి రావచ్చు. ఆ హోదాలో మూడేళ్ల వరకు జైలుశిక్ష, 50,000 రూపాయల వరకు జరిమానా విధించే అధికారాన్ని, పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 23వ సెక్షన్ ఇస్తుంది. అందువల్ల ముందు సివిల్ పూర్తి చేసుకుని క్రిమినల్ సంగతి తర్వాత చూద్దామనే పద్ధతి ఈ పరీక్షకు పనికిరాదు. రెండూ మొదటి వారం నుంచే పక్కపక్కన నడవాలి.

రాజ్యాంగం 234వ అధికరణం ప్రకారం ఈ పదవికి నియామకం గవర్నర్ చేస్తారు, ఎంపిక ప్రక్రియను మాత్రం హైకోర్టు నడుపుతుంది. మొదట ఆబ్జెక్టివ్ పద్ధతిలో స్క్రీనింగ్ టెస్ట్, ఆ తర్వాత సివిల్ చట్టాలు, క్రిమినల్ చట్టాలు, ఇంగ్లిష్ అనే మూడు పేపర్ల రాత పరీక్ష, చివర మౌఖిక పరీక్ష ఉంటాయి. స్క్రీనింగ్ దాటిన అభ్యర్థుల్లో చాలామంది రాత పరీక్ష దగ్గర ఆగిపోవడం నేను చూస్తూ వచ్చాను. వాళ్లకు చట్టం తెలియక కాదు, తెలిసిన చట్టాన్ని ఎదుట ఉన్న వివాదానికి అన్వయించి, కారణాలతో సహా కాగితం మీద పెట్టడం అలవాటు కాకపోవడమే కారణం. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ అలవాటు చుట్టూనే తిరుగుతుంది.

ముందు అర్హత సంగతి చూద్దాం. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2002 నుంచి లేని మూడేళ్ల ప్రాక్టీసు షరతును తిరిగి తెచ్చింది. న్యాయవాదిగా తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ (పేరు నమోదు) తేదీ నుంచే ప్రాక్టీసును లెక్కించవచ్చని, న్యాయమూర్తుల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్ని కూడా కలుపుకోవచ్చని, కనీసం పదేళ్ల అనుభవం ఉన్న న్యాయవాది ఇచ్చిన ధ్రువపత్రంపై జిల్లా ప్రధాన న్యాయాధికారి ఆమోదం ఉండాలని ఆ తీర్పు చెప్పింది. మీరు దరఖాస్తు చేసే నోటిఫికేషన్‌లో ఈ షరతు ఏ రూపంలో ఉందో అక్షరం వదలకుండా చదవండి. వకాల్తా వేసిన ప్రతి కేసు నంబరు, కోర్టు పేరు, వాయిదా తేదీ మొదటి రోజు నుంచే ఒక డైరీలో రాసుకుంటూ వస్తే, ధ్రువపత్రం కోసం తిరిగే రోజున మీ మూడేళ్లకు లెక్క చెప్పగలుగుతారు.

ఈ మూడేళ్లను చదువుకు అడ్డంగా చూడవద్దని నా దగ్గరికి వచ్చే జూనియర్లకు ప్రతిసారీ చెబుతాను. సీనియర్ ఎదుటి పక్షం సాక్షిని క్రాస్ (అడ్డు విచారణ) చేస్తుండగా వెనక కూర్చుని, ఆ ప్రశ్న ఎందుకు అడిగారో, సాక్షి చెప్పిన జవాబు ఏ ఇష్యూకు, అంటే కోర్టు తేల్చవలసిన ఏ వివాదాంశానికి, పనికొస్తుందో రాసుకున్నవారికి సాక్ష్య చట్టం వేరుగా బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు. సాయంత్రం ఇంటికి వచ్చాక, ఆ రోజు కోర్టులో వినిపించిన సెక్షన్లను బేర్ యాక్ట్‌లో, అంటే వ్యాఖ్యానం లేని అసలు చట్టం పుస్తకంలో, తెరిచి, వివరణలతోను, ఉదాహరణలతోను సహా చదవడం ఒక నియమంగా పెట్టుకోండి. గైడ్ల మీద ఆధారపడినవారు మినహాయింపుల దగ్గర దెబ్బతింటారు, స్క్రీనింగ్ ప్రశ్నలు ఎక్కువగా వచ్చేది కూడా అక్కడి నుంచే.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను నంబర్ల వరుసలో కాకుండా, ఒక దావా నడిచే వరుసలో చదవాలి. వాదపత్రం దాఖలు, దాన్ని తిరస్కరించే ఆర్డర్ 7 రూల్ 11, సవరణకు ఆర్డర్ 6 రూల్ 17, ప్రతివాది హాజరుకాక ఎక్స్‌పార్టీ అయితే ఆర్డర్ 9, ఇష్యూలకు ఆర్డర్ 14, తాత్కాలిక ఇంజక్షన్ (నిషేధ ఉత్తర్వు)కు ఆర్డర్ 39, తీర్పుకు ఆర్డర్ 20, అమలుకు ఆర్డర్ 21 అన్న దారిలో వెళితే ఒకదాని నుంచి మరొకటి దానంతట అదే గుర్తుకొస్తుంది. ఇంజక్షన్ దావాల విషయంలో 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన అనతుల సుధాకర్ కేసును పూర్తిగా చదవండి. తెలుగు నేల నుంచే వెళ్లిన ఆ కేసులో, ఉత్త ఇంజక్షన్ ఎప్పుడు సరిపోతుందో, హక్కు ప్రకటన కూడా ఎప్పుడు అడగాలో కోర్టు విడమరచి చెప్పింది.

ఇప్పుడు మన కోర్టుల్లో రోజూ కనిపించే ప్రోనోటు దావాను తీసుకుని, సాధన ఎలా చేయాలో చూద్దాం. 2022 మే 14న ప్రతివాది మూడు లక్షల రూపాయలు తీసుకుని, నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాసి ఇచ్చాడని వాది చెబుతున్నాడని అనుకోండి. వేసవి సెలవుల తర్వాత కోర్టు తెరిచిన మొదటి రోజున దావా వేశాడు. కలం పట్టగానే మొదట చూడవలసింది కాలపరిమితి. అడిగినప్పుడు చెల్లించవలసిన డిమాండ్ ప్రోనోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లు గడువు కాబట్టి, లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మొదటి రోజును తీసివేస్తే, 2025 మే 14 ఆఖరి రోజు అవుతుంది. ఆ రోజున కోర్టు మూసి ఉన్నందువల్ల, అదే చట్టం 4వ సెక్షన్, కోర్టు తెరిచిన రోజున దావా వేయనిచ్చి, వాదిని కాపాడుతుంది. ఇక్కడ తేదీలు వేసి లెక్క చూపించినవారికి, దావా గడువులో ఉందని ఒక్క ముక్కలో తేల్చేసినవారికి మధ్య మార్కుల్లో తేడా కనిపిస్తుంది.

తర్వాత ప్రతివాది జవాబును జాగ్రత్తగా చదవాలి. సంతకమే తనది కాదని అతను అంటే, ప్రోనోటు అతనే రాసి ఇచ్చాడని రుజువు చేసే భారం ముందుగా వాది మీద ఉంటుంది. అది రుజువైన తర్వాతనే ప్రతిఫలం ముట్టిందనే ఊహ నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ కింద పుడుతుంది. అలా కాక, సంతకం తనదే కానీ ఖాళీ ప్రోనోటు మీద పెట్టించుకున్నారని అంటే కథ మారుతుంది. స్టాంపు ఉన్న అసంపూర్ణ పత్రం మీద సంతకం చేసి చేతికిచ్చినవాడు దాన్ని పూర్తి చేసుకునే అధికారాన్ని ఎదుటివారికి ఇచ్చినట్టేనన్న 20వ సెక్షన్ ముందుకు వస్తుంది. అక్కడి నుంచి 118వ సెక్షన్ ఊహను తిప్పికొట్టవలసిన భారం ప్రతివాది మీద పడుతుంది. చాలామంది ఈ రెండు జవాబులనూ ఒకే గాటన కట్టేసి, 118వ సెక్షన్ వర్తిస్తుందని రాసి ముగించేస్తారు.

సాక్షి సంతకం దగ్గర మరో పొరపాటు జరుగుతుంది. వీలునామాకు వలె ప్రోనోటుకు సాక్షులు ఉండి తీరాలని చట్టం చెప్పలేదు కాబట్టి, సాక్షి సంతకం చేసినవాడిని తప్పక విచారించాలన్న నియమం దీనికి వర్తించదు. అయినప్పటికీ దస్తూరిని (ప్రోనోటును చేత్తో రాసినవాడిని), సాక్షిని వాది ఎందుకు పిలవలేదన్నది సాక్ష్యాన్ని తూచేటప్పుడు చూడవలసిన విషయమే. సంతకాలను కోర్టు స్వయంగా పోల్చే అధికారం కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 72వ సెక్షన్‌లో ఉంది, నిపుణుడి అభిప్రాయానికి 39వ సెక్షన్ ఉంది. చివరకు డిక్రీ ఇస్తే, డిక్రీ తర్వాతి వడ్డీ సాధారణంగా సాలీనా ఆరు శాతానికి మించకూడదని, వాణిజ్య లావాదేవీ అయితే దానికి మినహాయింపు ఉందని చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ సెక్షన్‌ను ఉపశమనం పేరాలో తప్పక ప్రస్తావించాలి. కేసు సంగ్రహం, ఇష్యూలు, ప్రతి ఇష్యూపై సాక్ష్యం, కారణం, నిర్ణయం అన్న క్రమంలో, వాది పత్రానికి ఎగ్జిబిట్ ఏ1, వాది సాక్షికి పీడబ్ల్యూ1 అని గుర్తులు వేస్తూ, వారానికి కనీసం రెండు తీర్పులైనా చేత్తో రాయండి.

క్రిమినల్ పేపర్‌కు ఇప్పుడు రెండు తరాల చట్టాలూ అవసరమే. 2024 జులై 1 నుంచి ఐపీసీ (ఇండియన్ పీనల్ కోడ్) స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చినా, ఆ ఏడాది జూన్‌లో జరిగిన నేరానికి శిక్ష పాత ఐపీసీ కిందనే ఉంటుంది. పైగా, చదవవలసిన పాత తీర్పులన్నీ పాత నంబర్లతోనే ఉంటాయి. హత్యకు శిక్ష 302 నుంచి 103కు, మోసం 420 నుంచి 318(4)కు, ఎఫ్‌ఐఆర్ 154 నుంచి 173కు, ముందస్తు బెయిల్ 438 నుంచి 482కు మారాయి. సీఆర్‌పీసీలో హైకోర్టు సహజాధికారాలకు ఉన్న 482 ఇప్పుడు 528 అయింది కాబట్టి, ఈ రెండింటి దగ్గర చేయి తడబడే ప్రమాదం ఎక్కువ. నంబర్ల పట్టిక ఒక్కటే చాలదు, మారిన మాటలను కూడా పట్టుకోవాలి. ఐదు వేల రూపాయల లోపు విలువైన దొంగతనంలో తొలిసారి దోషిగా తేలినవాడు ఆ సొత్తును తిరిగి ఇచ్చేస్తే సామాజిక సేవే శిక్ష అని న్యాయ సంహిత 303(2) చెబుతోంది. రేపు మీరు మేజిస్ట్రేట్‌గా రోజూ వాడవలసిన నిబంధన ఇది.

ఇంగ్లిష్ పేపర్‌లోని అనువాదాన్ని తెలుగువాళ్లమే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. దస్తావేజు తెలుగులో ఒక్కో మాటకు ఒక్కో చట్టపరమైన బరువు ఉంటుంది. హక్కు అంటే టైటిల్, స్వాధీనం అంటే పొసెషన్, ఈ రెండూ ఒకటి కావు. క్రయ ఒప్పందంలో ఆస్తిని ‘ఈ దినమే మీకు స్వాధీనపరచినాము’ అన్న ఒక్క వాక్యం ఉంటే, మన రాష్ట్రాల స్టాంపు చట్టం సవరణ ప్రకారం ఆ ఒప్పందానికి విక్రయ దస్తావేజుకు వలె సుంకం పడుతుంది. అది కట్టకపోతే, సుంకం, జరిమానా చెల్లించేదాకా 35వ సెక్షన్ ఆ కాగితాన్ని సాక్ష్యంగా రానివ్వదు. అటువంటి వాక్యాన్ని అనువాదంలో జారవిడిచినవారు కేసునే జారవిడిచినట్టు. పాత దస్తావేజుల నకళ్లు మీ సీనియర్ ఆఫీసులోనే కట్టలకొద్దీ ఉంటాయి, రోజుకు ఒక పేజీ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మార్చి చూడండి.

స్థానిక చట్టాలను, సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీసును నోటిఫికేషన్ సిలబస్ మేరకు చదివితే సరిపోతుంది. హిందూ వారసత్వ చట్టంలో మాత్రం, దేశమంతటికీ 2005లో వచ్చిన కూతుళ్ల సహవారసత్వ హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే అమలైందన్న సంగతి గుర్తుంచుకోండి, మన భాగ పంపిణీ దావాల్లో ఆ తేదీ తరచుగా వస్తుంది. మౌఖిక పరీక్షలో తెలియని ప్రశ్నకు తెలియదని మర్యాదగా చెప్పడమే మేలు.

రాత పరీక్షకు ముందు నెలలో కొత్త పుస్తకం తెరవకండి. గడియారం ఎదురుగా పెట్టుకుని, మూడు గంటల్లో పూర్తి పేపర్ రాసి, దాన్ని సీనియర్‌కో, రిటైరైన న్యాయాధికారికో చూపించి, కారణం చెప్పకుండా నిర్ణయం మాత్రమే రాసిన ప్రతి చోటా ఎర్ర సిరాతో గీత పెట్టించుకోండి. మర్నాడు ఆ గీతలు పడిన పేరాలను మాత్రమే మళ్లీ రాయండి.