తలుపు మీద రంగు కారుతోందా? ముందు టిప్ నంబరు చూడండి

ఎయిర్‌లెస్ మెషీన్‌తో (గాలి కలపకుండా, ప్రెజర్‌తోనే రంగును గన్‌లోంచి చిమ్మే మెషీన్) గోడలు పూర్తిచేసి, అదే ఊపులో తలుపుల మీదికి వెళ్లిపోతాం. నేనూ అదే చేశాను. మా పడగ్గది తలుపు సాయంత్రానికి అద్దంలా మెరిసింది. పొద్దున లేచి చూస్తే కింది సగం కరిగిన కొవ్వొత్తిలా ఉంది. పెయింటు మంచిదే, మెషీనూ మంచిదే. గన్‌కి గోడల టిప్, అంటే రంగు బయటికి చిమ్మే కొన, అలాగే ఉండిపోయింది, అంతే.

టిప్ మీద సాధారణంగా మూడంకెల నంబరు ఉంటుంది. 517 అనుకుందాం. మొదటి అంకెను రెట్టింపు చేయండి: అడుగు దూరం నుంచి కొడితే రంగు సుమారు 10 అంగుళాల వెడల్పున పడుతుంది. చివరి రెండంకెలు రంధ్రం సైజు, అంటే అంగుళాన్ని వెయ్యి వంతులు చేస్తే అందులో 17. గోడకు బాగుంటుంది. నాలుగైదు అంగుళాల ద్వారబంధం మీద కొడితే సగం రంగు పక్కకే పోతుంది.

రంగు కారుతోంది

దాదాపు ఎప్పుడూ రంధ్రం పెద్దదవడమే కారణం. 17 రంధ్రం వైశాల్యం 10 రంధ్రానికి దాదాపు మూడు రెట్లు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. వెడల్పు తగ్గితే చాలనుకుని 517 తీసి 317 పెడతారు. రంధ్రం అదే కాబట్టి వచ్చే రంగూ అంతే. ఇప్పుడది 10 అంగుళాలకు బదులు 6 అంగుళాల్లో పడుతుంది, ముందుకన్నా ఎక్కువ కారుతుంది. చివరి రెండంకెలు తగ్గాలి.

ద్వారబంధాలకు, కిటికీ ఫ్రేములకు, బీడింగులకు 208 లేదా 210 పెట్టండి. తలుపు రెక్కకు 310, వెడల్పాటి ఫ్లష్ డోరుకు 410. వాటర్ బేస్ ఎనామెల్ చిక్కగా ఉంటే 312 దాకా వెళ్లొచ్చు. పెయింటు డేటాషీట్‌లో టిప్ సైజు ఇచ్చి ఉంటే నా మాట పక్కనపెట్టి దాన్నే పాటించండి. ‘ఫైన్ ఫినిష్ లో-ప్రెజర్’ టిప్‌లని విడిగా దొరుకుతాయి. ధర ఎక్కువే, కానీ తక్కువ ప్రెజర్‌లోనే రంగును మెత్తటి తుంపరగా చేస్తాయి. నాలుగు తలుపులున్నా కొనడం దండగ కాదని నా అభిప్రాయం.

టిప్ సరైనదే అయినా కారుతుంటే చెయ్యి నెమ్మదిగా కదులుతోంది, లేదా గన్ మరీ దగ్గరగా ఉంది. 10–12 అంగుళాల దూరం ఉంచండి. తలుపును ఊడదీసి స్టూళ్ల మీద పడుకోబెట్టి కొడితే కారే బెడద చాలావరకు తగ్గిపోతుంది.

రంగు పడే పట్టీ రెండు అంచుల్లో మందపాటి గీతలు

ప్రెజర్ చాలక రంగు సరిగ్గా తుంపర కాకపోతే ఇలా వస్తుంది. వెంటనే ప్రెజర్ ఫుల్‌గా పెంచేస్తే గీతలు పోతాయి కానీ గదంతా పొగమంచు కమ్ముతుంది. అట్టముక్క మీద తక్కువ ప్రెజర్‌తో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచండి. గీతలు మాయమైన చోట ఆపండి, అంతకు మించి వద్దు. అప్పటికీ పోకపోతే ఫిల్టర్ కడగండి. తర్వాత డబ్బా మీద రాసినంత మేరకే పెయింటు పలచన చేయండి.

ఇవన్నీ అయ్యాక కూడా గీతలుంటే టిప్ అరిగిపోయింది. కొలవడం తేలికే: కొత్త 310 అడుగు దూరం నుంచి సుమారు 6 అంగుళాలు పడుతుంది. అది నాలుగున్నరకు వచ్చిందంటే మార్చేయాలి. అరిగేకొద్దీ రంధ్రం పెద్దదై, పట్టీ సన్నబడుతుంది. కొత్తలో బాగా పనిచేసిన టిప్‌తోనే మళ్లీ కారడం మొదలయ్యేది అందుకే.

చేత్తో రాస్తే ఇసుకలా గరుకు

రంగు తలుపును చేరేలోపే సగం ఆరిపోతోంది. మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ కింద కొడితే ఇంకేమవుతుంది? ఫ్యాన్ ఆపండి, గన్ కాస్త దగ్గరికి తెండి, పొద్దున్నే కొట్టండి. గరుకైన చోట ఆరాక సన్న ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్లీ కోటు వేయాలి. అయితే థిన్నర్ కలిపే ఎనామెల్‌తో జాగ్రత్త: ఆవిరికి నిప్పంటుకుంటుంది. ఫ్యాన్ ఆపినా కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి, దగ్గర్లో స్విచ్ కూడా వేయకండి.

నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా ఉంటే అది వేరే సమస్య. పెయింటు చిక్కదనానికి ఆ టిప్, ఆ ప్రెజర్ చాలడం లేదు. ప్రెజర్ కొద్దిగా పెంచి చూడండి, లేదంటే పలచన చేయండి.

మాటిమాటికీ టిప్ మూసుకుపోతోంది

సన్నటి రంధ్రం మూసుకుపోవడానికి పెయింటు మీద కట్టిన చిన్న మీగడ ముక్క చాలు. రంగును నైలాన్ బట్టలో వడకట్టండి. గోడలకు వాడిన 60 మెష్ గన్ ఫిల్టర్ తీసి 100 మెష్‌ది వేయండి (మెష్ నంబరు పెరిగేకొద్దీ జల్లెడ సన్నబడుతుంది). మూసుకుపోతే టిప్‌ను వెనక్కి తిప్పి బకెట్‌లోకి ఒకసారి కొట్టి, మళ్లీ ముందుకు తిప్పండి. గుండుసూదితో పొడవకండి, రంధ్రం ఆకారం చెడుతుంది.

టిప్ విప్పాలంటే మెషీన్ ఆపి, ప్రెజర్ వదిలి, ట్రిగ్గర్ లాక్ వేశాకే. టిప్ ముందు వేలు పెట్టకండి. ఆ ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. పైకి చీమ కుట్టినంత గాటే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, పెయింటు లోపలికి వెళ్లిందని డాక్టరుకు చెప్పాలి.

ట్రిగ్గర్ నొక్కగానే చిమ్మడం

టిప్ వెనక సీల్ సరిగ్గా కూర్చోలేదు, లేదా డబ్బాలోంచి రంగు లాగే సక్షన్ పైపు వదులై గాలి లాగుతోంది. రెండూ బిగించండి. తలుపు పక్కన అట్ట పెట్టి, ట్రిగ్గర్ తలుపు అంచుకు బయటే నొక్కి, అవతలి అంచు దాటాక వదలండి. మొదటి చిమ్ముడు ఏదైనా ఉంటే అట్ట మీదే పడుతుంది.