ఊకతో పంట బోదెలో సుడుల విసురు ఎలా కొలవాలి?

కాలవ నీటి వేగం కనుక్కోవడం తేలికే. ఆకు ఒకటి వేసి, పది అడుగులు పోవడానికి ఎంతసేపు పట్టిందో చూస్తే సరి. తూము దాటాక నీళ్లు నురగలు కక్కే చోట మాత్రం ఈ లెక్క పనికిరాదు. అక్కడ ఊకపొట్టు పోతూ పోతూ చటుక్కున పక్కకు తిరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ ఉరుకుతుంది. ఆ కుదుపే త్వరణం. దాన్ని ఫోన్‌తోనే కొలవవచ్చు.

జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలాక డెల్టాలో ఏ పంట బోదె అయినా పనికొస్తుంది. లాకుల కింద మాత్రం వద్దు, అక్కడి సుడి మనిషినే లాగేస్తుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చాక లోపలి రేణువులు కనబడవు కాబట్టి మనం కొలిచేది పైపొర కదలికనే.

ముందు ఊకను రాత్రంతా నానబెట్టండి. పొడి ఊక గాలికి కొట్టుకుపోతుంది. నానినదాంట్లో మునిగిపోయింది వదిలేసి, నీటితో సమంగా తేలేదే తీసుకోండి. ఇసుక వేయాలనిపిస్తుంది కానీ అది నీటికన్నా బరువు, సుడి దాన్ని బయటికి నెట్టేస్తుంది. గాలి బుడగ అందుకు విరుద్ధం, సుడి నడుమకే చేరుతుంది. కొబ్బరి డొక్కలాంటి పెద్ద వస్తువుకు చిన్న సుడులు తగిలినా చలనం ఉండదు.

బోదెకు అడ్డంగా వెదురు గడ వేసి, ఫోన్‌ను నిటారుగా కిందికి చూసేలా గట్టిగా కట్టండి (తాడు మీద నమ్మకం లేకపోతే రెండోది కూడా కట్టండి). స్లో మోషన్‌లో, సెకనుకు 240 ఫ్రేములు పెట్టండి. దూరం కొలవడానికి వీడియోలో ఒక స్కేలు కూడా కనబడాలి. అది నీటి మట్టంలోనే ఉండాలి. గట్టు మీద పెడితే కెమెరాకు దగ్గరై కొలత తప్పుతుంది.

ఇక లెక్క. ఎనిమిది ఫ్రేములకొకసారి, అంటే సెకనులో 30వ వంతుకొకసారి, పొట్టు ఎక్కడుందో రాసుకోండి. నీరు పారే దిశలో మొదట 2.5 సెంటీమీటర్లు, తర్వాత 2.1 కదిలిందనుకుందాం. తేడా 0.4. దాన్ని 30తో రెండుసార్లు గుణిస్తే 360, అంటే సెకనుకు సెకనుకు 3.6 మీటర్లు. గురుత్వ త్వరణంలో మూడో వంతు పైమాటే! అడ్డదిశలోనూ ఇలాగే లెక్క కట్టి, రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీయండి. వేగం మారకుండా మలుపు తిరిగినా అది త్వరణమే. వరుస ఫ్రేములు తీసుకోకండి. మిల్లీమీటరు పొరపాటు కూడా కొండంత అవుతుంది.

చాలా పొట్టులకు చిన్న అంకెలే వస్తాయి. ఎక్కడో ఒకటి మాత్రం విపరీతంగా వస్తుంది. తప్పేమోనని కొట్టేయకండి. వీడియో మళ్లీ చూసి, నిజమైతే ఉంచండి. అల్లకల్లోల ప్రవాహం స్వభావమే అది. 2001లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు కణ భౌతిక శాస్త్రంలో వాడే సిలికాన్ డిటెక్టర్లతో నీటిలోని సన్నటి రేణువులను వెంటాడితే, గురుత్వానికి 1500 రెట్ల త్వరణం కూడా కనబడింది.

రైతును అడిగి తూము పలకను కాస్త ఎత్తించి మళ్లీ కొలవండి. నీటి వేగం రెట్టింపైతే కుదుపు రెట్టింపుతో ఆగదు, సుమారు నాలుగు రెట్లవుతుంది.