ఫిక్సీలో పార్టు మార్చే ముందు చూసుకోవాల్సినవి

ఫిక్సీ అంటే ఫిక్స్‌డ్ గేర్ సైకిల్. దీనికి ఫ్రీవీల్ ఉండదు. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే. కాబట్టి ఏది మార్చినా తొందరపడొద్దు.

• ఒకసారికి ఒక్క పార్టే మార్చండి. తర్వాత నల్లగొండ నుంచి పానగల్ దాకా నాలుగు రోజులు తొక్కి చూడండి. కొత్త శబ్దం వస్తే దేనిదో వెంటనే తెలుస్తుంది.

• వెనక చక్రం కాగ్‌ని (చైన్ పట్టే పళ్ల చక్రాన్ని) కదలకుండా పట్టి ఉంచే లాక్‌రింగ్‌ది ఉల్టా త్రెడ్. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. దాని కింద ఉండే కాగ్‌ది మాత్రం మామూలు త్రెడ్. లాక్‌రింగ్ లేకుండా అస్సలు నడపకండి. నేను ఒకసారి అలాగే బయల్దేరాను. పెడల్‌ని వెనక్కి తన్ని ఆపబోతే కాగ్ జారి, హబ్ (చక్రం మధ్య భాగం) మీది మరలన్నీ అరిగిపోయాయి. వేలితో తడిమితే నున్నగా, పక్కనే సన్నటి లోహపు పొడి. హబ్ మొత్తం మార్చాల్సి వచ్చింది.

• ఎడమ పెడల్‌ది కూడా ఉల్టా త్రెడ్డే.

• 1/8 అంగుళం మందం కాగ్ మీద 3/32 అంగుళం చైన్ కూర్చోదు. కొనేముందే కొలత అడగండి.

• చైన్ మధ్యలో నొక్కితే అర అంగుళం ఆడాలి. పెడల్ పూర్తిగా ఒక చుట్టు తిప్పుతూ చూడండి, ఒక్కోచోట బిగుతుగా ఉంటుంది.

• చక్రం తిరుగుతుండగా గుడ్డతో చైన్ తుడవకండి. వేలు ఇరుక్కుంటే చక్రం దానంతట అది ఆగదు. ఇది మాత్రం పిల్లలకి తప్పకుండా చెప్పండి.

• ముందు 46 పళ్ల చైన్‌వీల్‌కి వెనక 16 పళ్ల కాగ్ ఉంటే ఎత్తుల్లో మోకాళ్లు పట్టేస్తాయి. 18 వేస్తే తేలిక.

• అందం కోసం ముందు బ్రేకు మాత్రం తీయకండి.