పిల్లలకి సైబర్ జాగ్రత్తలు అలవాటు చేయడం – 3వ పాఠం: చిన్నాగాడి పాస్‌వర్డ్ కనిపెడదాం

పోయిన పాఠంలో ఫోన్ లాకు, అప్‌డేట్ల గోల అయిపోయింది కదా, ఈసారి పాస్‌వర్డ్. టెన్త్, ఇంటర్ పిల్లల్ని కూర్చోబెట్టి "పాస్‌వర్డ్ గట్టిది పెట్టుకోండమ్మా, లేకపోతే హ్యాక్ అయిపోద్ది" అని మొదలుపెట్టారంటే రెండో నిమిషానికి సగం మంది బల్ల కింద రీల్స్ చూస్తుంటారు. భయపెడితే వినే వయసు కాదది. అదే "ఒకడి పాస్‌వర్డ్ కనిపెట్టాలి, ఎవరొస్తారు" అనండి, వెనక బెంచీ మొత్తం లేచొస్తుంది.

ఆ ఒకడు మనం కల్పించిన మనిషే, పేరు చిన్నా అనుకుందాం. ఊరు కాకినాడ, వయసు 17, కోహ్లీ అంటే పిచ్చి, కుక్క పేరు టైగర్, మొన్న పుట్టినరోజు కేక్ ఫొటో ఇన్‌స్టాలో పెట్టాడు. ఇదంతా బోర్డు మీద రాసేసి, వీడు ఏం పాస్‌వర్డ్ పెట్టుంటాడో తలా ఒక చీటీ మీద రాయమనండి. కోహ్లీ18, టైగర్123, చిన్నా పక్కన పుట్టిన సంవత్సరం... చీటీలు విప్పి చదువుతుంటే నవ్వులే నవ్వులు, ఆ నవ్వుల మధ్యలో ఇద్దరు ముగ్గురు సైలెంట్ అయిపోతారు చూడండి, పాఠం ఎక్కింది వాళ్ళకే. వాళ్ళ సొంత పాస్‌వర్డ్ ఏంటని మాత్రం మీరు అడగొద్దు, వాళ్ళని కూడా చెప్పనివ్వొద్దు.

తర్వాత లెక్క. 6 అంకెల పిన్ అంటే మొత్తం 10 లక్షల రకాలు, వినడానికి బానే ఉంది. కానీ తారీఖు, నెల, సంవత్సరం కలిపి పుట్టినరోజే పిన్‌గా పెడితే? 14 నుంచి 20 దాకా, అంటే ఏడు వయసుల పిల్లలకి ఉండే పుట్టినరోజులు మొత్తం కలిపినా సుమారు 2,500. ఇక చిన్నా అయితే కేక్ ఫొటో పెట్టేశాడు కాబట్టి వెతకాల్సింది ఒక్కటే. ఈ లెక్క మీరు చెప్పకండి, వాళ్ళచేతే చేయించండి.

ఇప్పుడు ఫోన్లు తీయమనండి. ఆస్ట్రేలియాకి చెందిన ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' అనే సైట్ ఉంది, లీకైన పాస్‌వర్డ్‌లు ఎన్నిసార్లు బయటపడ్డాయో చూపిస్తుంది. 123456 కొట్టి చూపించండి, ఆ తర్వాత చీటీల్లోవి ఒక్కోటీ వాళ్ళనే కొట్టమనండి. "సార్, మనం కొట్టింది వాళ్ళకి తెలిసిపోదా?" అని ఒకడైనా అడుగుతాడు, అడిగినోడికి చప్పట్లు కొట్టించాలి, మనకి కావాల్సింది ఆ అనుమానమే. సంగతేంటంటే మన బ్రౌజర్ దాన్ని హ్యాష్‌గా (అంటే చూస్తే అసలు పాస్‌వర్డ్ ఏంటో తెలియని గజిబిజి అక్షరాల వరసగా) మార్చి మొదటి 5 అక్షరాలే పంపుతుంది, వాటితో మొదలయ్యేవన్నీ తిరిగొచ్చాక పోల్చుకోవడం మన దగ్గరే జరుగుతుంది.

లీకయితే ఏంటి, అది ఏదో పనికిరాని గేమ్ సైటే కదా అంటారు. అదే పాస్‌వర్డ్ జీమెయిల్‌కీ పెట్టుంటే? లీకైన లిస్టు పట్టుకుని మిగతా సైట్లన్నిట్లో ప్రయత్నించడానికి దొంగ కూర్చుని టైప్ చేయక్కర్లేదు, ప్రోగ్రామ్ చేసేస్తుంది. అందుకే మెయిల్‌కి వేరే పాస్‌వర్డ్ తప్పనిసరి, మిగతావన్నీ "ఫర్‌గాట్ పాస్‌వర్డ్" కొడితే తేలేది అక్కడే. సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసుకుంటే చాలు, గోంగూర నెమలి గొడుగు స్టవ్ లాగా (ఇదే పెట్టుకోకండి మళ్ళీ). పాట పల్లవులు, సినిమా డైలాగులు వద్దు, అవి అందరికీ వచ్చు.

వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ (మెసేజ్‌లో వచ్చే కోడ్‌తో పాటు మనం పెట్టుకున్న పిన్ కూడా అడిగే ఏర్పాటు) అక్కడికక్కడే ఆన్ చేయించండి, సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద ఉంటుంది. "పొరపాటున నీకు 6 అంకెల కోడ్ వచ్చింది, పంపవా" అని ఫ్రెండ్ నంబర్ నుంచే మెసేజ్ వస్తే ఆ ఫ్రెండ్ అకౌంట్ ఆల్రెడీ పోయుండొచ్చు, ఆ కోడ్ మన అకౌంట్ తాళం. ఈ పిన్ పెట్టుకుంటే కోడ్ ఒక్కటే దొరికినా సరిపోదు. పిన్ మాత్రం పుట్టినరోజు పెట్టరుగా ఇక.

ఒక మాట గట్టిగా చెప్పండి. ఆట చిన్నాతోనే. పక్కోడి అకౌంట్‌లోకి వాడి పాస్‌వర్డ్‌తో మోసంగా దూరితే ఐటీ చట్టం 66సి కింద 3 ఏళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

హోంవర్క్: ఇంటికెళ్ళి అమ్మ ఫోన్‌లోనో తాతయ్య ఫోన్‌లోనో వాట్సాప్ పిన్ పెట్టించాలి, అది ఎందుకో వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలి. వాళ్ళు ఏం ప్రశ్నలు అడిగారో రాసుకుని రమ్మనండి, 4వ పాఠం పెళ్ళి శుభలేఖ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్ళ (ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్ళు) మీద, అక్కడ ఆ ప్రశ్నలు కావాలి.