పాత కారుకు జంగు వైద్యం – 5వ పాఠం: రంధ్రాలు మళ్లీ ఎందుకు మూశారు?

తలుపుల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు తెరవమని గత పాఠంలో చెప్పాను. చాలామంది తెరిచారు. తెరిచి, ఆ మర్నాడే షెడ్డుకు తీసుకెళ్లి కింద నల్లటి కోటింగ్ కొట్టించారు. ఫోటోల్లో ఒక్క రంధ్రం కూడా కనబడటం లేదు! అందుకే వెల్డింగ్ పాఠం వాయిదా.

కార్పెట్ ఎత్తడం, వైరు బ్రష్‌తో రుద్దడం మీకు తెలిసిందే, వదిలేస్తున్నా.

అద్దం పక్కనుండే రబ్బరు బీడింగ్ వాన నీళ్లను పూర్తిగా ఆపదు. కొంత నీరు తలుపు లోపలికి జారి అడుగు రంధ్రాల్లోంచి బయటికి పోతుంది, దాని తయారీయే అంత. మన దుమ్ము ఆ నీళ్లలో కలిసి బురదై అడుగున పేరుకుంటుంది. రంధ్రం మూసుకుపోతే వానలు వెనకపట్టినా ఆ బురద తడి ఆరదు. రేకును లోపలి నుంచి తింటూ పోతుంది. జంగుకు ఇనుము కన్నా ఎక్కువ జాగా కావాలి, అందుకే రంగును బయటికి తోస్తుంది. మీకు పొక్కు కనబడేసరికి లోపల పని దాదాపు అయిపోయినట్టే. దాని మీద లప్పం పెట్టించడం దండగ. 2023 జులై వరదల్లో హన్మకొండలో మునిగిన బండి అయితే తలుపుల కింది పెట్టె రేకులో ఒండ్రు ఉందనే లెక్కేసుకోండి.

"ఫికర్ చేయకు అన్నా, మొత్తం కొట్టేస్తా" అంటాడు పెయింటర్. ఆ "మొత్తం"తోనే తంటా. కోటింగ్‌కు ముందు పాత గుడ్డను పేలికలుగా చింపి, మెలిపెట్టి ఒక్కో రంధ్రంలో దూర్చండి. తోక బయటికి వేలాడాలి. కోటింగ్ పచ్చిగా ఉండగానే లాగేయండి. ఎన్ని పెట్టారో చాక్‌పీసుతో అద్దం మీద రాసుకోండి.

ఈ పనికి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే ఎండల రోజులే నాకిష్టం, కడిగిన రేకు త్వరగా ఆరుతుంది. ఊడే పొరలన్నీ గీకాక ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న కన్వర్టర్ (మిగిలిన జంగును గట్టి నల్ల పొరగా మార్చే మందు) పూయండి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఎర్రటిది నల్లబడితే పట్టినట్టు. ఆరాక, బ్రష్ అందినచోట ప్రైమర్, అందనిచోట పొడవాటి గొట్టంతో మైనం స్ప్రే. పాత ఇంజన్ ఆయిల్ పోసేవాళ్లున్నారు. నాకు నచ్చదు: రబ్బర్లు పాడవుతాయి, దుమ్మంతా అంటుకుంటుంది. వెల్డింగ్ ఉంటే మాత్రం మైనం ఆగాలి, నిప్పంటుకుంటుంది.

అభ్యాసం: నాలుగు తలుపులకూ అద్దం మీద మగ్గుతో మెల్లగా నీళ్లు పోయండి. ఒక్క రంధ్రం వదిలి మిగతావి టేపుతో మూసి, ప్రతిదాన్నీ విడిగా చూడండి. తర్వాత బండిని ముక్కు పైకి వచ్చేలా ఎత్తు మీద పెట్టి మళ్లీ, ముక్కు కిందికి దించి మళ్లీ. కారనిదాన్ని తీగతో పొడిచి, మొదటి నుంచి మొదలుపెట్టండి. అన్నీ కారాకే వెల్డింగ్ పాఠం తెరవండి.