ట్రెక్కింగ్ యాప్ చేస్తున్నారా? వానలు మొదలవకముందే ఇవి చూసుకోండి

2023 జులైలో ములుగు జిల్లాలోని ముత్యాలధార జలపాతం చూడ్డానికి వెళ్ళినవాళ్ళు దాదాపు 80 మంది తిరుగుదారిలో వాగు పొంగి అడవిలోనే చిక్కుకుపోయారు. జాతీయ విపత్తు సహాయక దళం (ఎన్డీఆర్ఎఫ్) వాళ్ళు వెళ్ళి బయటికి తెచ్చారు. పొద్దున మోకాళ్ళు తడవకుండా దాటిన వాగు సాయంత్రానికి నడుము దాటడం వానాకాలంలో మామూలే. మీ యాప్ పనికొస్తుందో లేదో తేలేది అలాంటి వాగు ఒడ్డునే.

యాప్ మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ ముందు గీసేది ఆపదలో సాయం కోరే పెద్ద ఎర్ర ఎస్ఓఎస్ బటన్. నేనూ అదే గీశాను. సిగ్నల్ లేని చోట అది ఉత్త బొమ్మ. కాబట్టి అసలు పని ఊరు దాటకముందే అయిపోవాలి. ఎక్కడికి, ఎంతమంది, బండి ఎక్కడ పెట్టారు, ఎన్నింటికి తిరిగొస్తారు అన్నవి సర్వర్‌కి చేరాకే యాప్ ‘బయల్దేరండి’ అనాలి. చెప్పిన వేళకి ‘వచ్చేశాం’ అని నొక్కకపోతే మోగాల్సింది ఇంట్లోవాళ్ళ ఫోన్. గొడ్లు తోలుకెళ్ళేవాళ్ళు ‘దీపాలు పెట్టేవేళకి రాకపోతే చూడండి’ అని చెప్పిపోతారే, అదే పద్ధతి.

ఇందులో ఒక చిక్కుంది. మా మొదటి టెస్ట్‌లో వేళ దాటిన నిమిషానికే మెసేజ్ పోయేలా పెట్టాం. నేను కొండ దిగి, హోటల్లో బిర్యానీ ముందు కూర్చుని, నొక్కడం మర్చిపోయాను. అమ్మ టెన్షన్‌తో అప్పటికే మామయ్యని బండెక్కించింది. రెండుసార్లు ఇలా జరిగితే నాన్నా పులి కథే. అందుకే ముందు ట్రెక్కర్ ఫోనే గట్టిగా మోగాలి, అరగంట ఆగాకే ఇంటికి మెసేజ్ వెళ్ళాలి. ఫోన్ ఆగిపోయినా ఆ అరగంట లెక్క సర్వర్‌లో నడుస్తూనే ఉండాలి.

జీపీఎస్‌కి సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. మ్యాప్‌కి మాత్రం కావాలి, ముందే దించుకోకపోతే. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి మీ యాప్ తెరవండి. తెల్ల కాగితంలా కనిపిస్తే విడుదల వాయిదా వేసుకోండి. సిగ్నల్ కోసం వెతుకుతూ ఫోన్ బ్యాటరీ తాగేస్తుంది, కాబట్టి అడవిలోకి వెళ్ళాక ఫ్లైట్ మోడ్ పెట్టుకోమని గుర్తుచేయడం కూడా మీ పనే.

తర్వాత బకెట్లో చెయ్యి ముంచి ఆ వేళ్ళతోనే ఎస్ఓఎస్ నొక్కి చూడండి. తడి స్క్రీన్ మనం నొక్కితే పలకదు, చినుకు పడితే తనంతట తనే పలుకుతుంది. వాల్యూమ్ బటన్‌తో పనిచేసే దారి ఒకటి ఉంచండి. నొక్కగానే ముందు అత్యవసర నంబర్ 112కి కాల్ వెళ్ళాలి. మన సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే ఆ కాల్ కలిసే వీలుంది.

డేటా అందని చోట కూడా ఒక్కోసారి ఎస్ఎంఎస్ వెళ్ళిపోతుంది. తెలుగులో పంపితే ఒక ఎస్ఎంఎస్‌కి 70 అక్షరాలే, ఇంగ్లిష్‌లో 160. పలకరింపులు తీసేసి అక్షాంశం, రేఖాంశం, మనుషుల సంఖ్య, దెబ్బలు తగిలాయా అన్నది ఉంచండి. మన రెండు రాష్ట్రాల్లో అక్షాంశం 12కీ 20కీ మధ్య, రేఖాంశం 76కీ 85కీ మధ్య ఉంటాయి. అవి తారుమారైతే వెతికేవాళ్ళకి మ్యాప్ నార్వేకి పైనున్న మంచు దీవుల్ని చూపిస్తుంది!

పిడుగుల హెచ్చరిక కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ళ దామిని యాప్ 20 నుంచి 40 కిలోమీటర్ల లోపు పిడుగుల్ని చూపిస్తుంది, దాన్ని పెట్టుకోమనండి. అమ్రాబాద్‌లాంటి పులుల అభయారణ్యాల్లో అనుమతి లేని దారుల్ని మ్యాప్‌లో గీయకండి. పశువుల బాటని ట్రెక్ దారిగా చూపించడం అంతకంటే ప్రమాదం.

చివరగా సామాన్ల లిస్టు. అమెరికా నుంచి సెలవులకొచ్చే మనవాళ్ళు అక్కడ అలవాటైన శాటిలైట్ ఫోన్, శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే చిన్న పరికరం (మెసెంజర్) తెచ్చేస్తుంటారు. ఇక్కడ టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇవి వాడటం నేరం, ఎయిర్‌పోర్టులో పట్టుబడ్డవాళ్ళున్నారు. మీ లిస్టులో వాటిని తీసేసి, ఆ స్థానంలో మనిషికొక విజిల్ రాయండి.